నిలువ నీడ లేని పండితుడికి ఫెలోషిప్: అదేమిటి, మనకెందుకు?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో రంజాన్ నెలలో మనం పోగుచేసే సొమ్ము దేనికి ఖర్చవుతుందో మీకు తెలిసిందే. వితంతువులకు రేషన్, పిల్లలకు ఫీజు, ఆడపిల్ల పెళ్ళికి సాయం, ఆస్పత్రి బిల్లు. ఇవన్నీ కంటికి కనిపించే అవసరాలు. అంతగా కనిపించని ఒక అవసరం గురించి ఈ సంచికలో చెప్పదలిచాం. సొంత గడ్డ మీద ఉండలేని పరిస్థితి వచ్చిన పండితుడు, అందులోనూ మానవ హక్కుల మీద పనిచేసే పండితుడు, మరో చోట కూర్చుని తన పని సాగించడానికి ఇచ్చే భృతి అది. దాన్నే రీసెర్చ్ ఫెలోషిప్ అంటున్నారు.

ఇదంతా అమెరికా, యూరప్ సంగతి, కోరుట్లకు దీనితో ఏం పని అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం హైదరాబాద్‌లోనే మొదలవుతుంది.

హైదరాబాద్ నుంచి పారిస్ దాకా

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాద్‌లో పుట్టారు. జామియా నిజామియాలో, ఉస్మానియాలో చదువుకుని, జర్మనీలోని బాన్‌లో ఒకటి, పారిస్‌లోని సోర్బాన్‌లో మరొకటి డాక్టరేట్లు పొందారు. తిరిగి వచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. ఆయన విషయం అంతర్జాతీయ న్యాయం. యుద్ధ ఖైదీని ఎలా చూడాలి, రాయబారికి ఏ రక్షణ ఉండాలి, ముస్లిం రాజ్యంలో ముస్లిమేతరుల హక్కులేమిటి అన్న ప్రశ్నలకు ఇస్లామీ న్యాయశాస్త్రంలో ఉన్న జవాబులను వెలికితీసి, నేటి న్యాయవాదికి అర్థమయ్యేలా రాశారు. మదీనాలో ముస్లింలు, యూదులు, ఇతర తెగలవారు కలిసి బతకడానికి దైవప్రవక్త (స) రాయించిన ఒడంబడికను ప్రపంచపు మొదటి లిఖిత రాజ్యాంగంగా చదువుకున్న లోకానికి పరిచయం చేసినవారు ఆయన.

1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు పెట్టింది. పారిస్ వెళ్ళిన ఆ ప్రతినిధి బృందంలో హమీదుల్లా ఉన్నారు. అదే వారంలో పోలీసు చర్య ముగిసింది. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. వారిని పంపిన ప్రభుత్వమే లేకుండా పోయింది. హమీదుల్లా వెనక్కి రాలేదు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా దాదాపు అర్ధశతాబ్దం పారిస్‌లో శరణార్థిగా గడిపారు.

అదే ఏడాది డిసెంబరు 10న, అదే పారిస్‌లో, ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. వేధింపుల నుంచి తప్పించుకోవడానికి మరో దేశంలో ఆశ్రయం కోరే హక్కు అందులో 14వ అధికరణం. పౌరసత్వపు హక్కు 15వది. విద్యా హక్కు 26వది. అయితే హక్కు కాగితం మీదికి వచ్చినంత మాత్రాన పండితుడికి గది, గ్రంథాలయం, నెలసరి భృతి దొరకవు. ఆ ఆసరాను హమీదుల్లాకు ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా కేంద్రం ఇచ్చింది. 1954 నుంచి 1978 వరకు ఆయన అక్కడ పరిశోధకులు. ఖుర్ఆన్‌కు ఆయన చేసిన ఫ్రెంచి అనువాదం ఆ కాలంలోనే, 1959లో వెలువడింది. టర్కీ విశ్వవిద్యాలయాల్లోనూ బోధించారు. 1980లో బహావల్‌పూర్‌లో ఆయన ఇచ్చిన 12 ఉపన్యాసాలు ఉర్దూ పుస్తకంగా వచ్చాయి. 2002 డిసెంబరులో అమెరికాలో కన్నుమూశారు. ఆ నెలసరి ఆసరా లేకపోతే ఇంత పని జరిగేదా అని దాతలు ఒక్కసారి ఆలోచించాలి.

ఈ పద్ధతి ఎలా మొదలైంది?

1933లో జర్మనీలో నాజీలు అధికారానికి వచ్చి, యూదులైన అధ్యాపకులను, తమతో ఏకీభవించని వారిని కొలువుల నుంచి తీసేశారు. అదే ఏడాది ఇంగ్లండులో విలియం బెవరిడ్జ్ తదితరులు వారి కోసం ఒక సహాయ మండలి పెట్టారు. లండన్‌లో అధ్యాపకులు తమ జీతాల్లోంచి కొంత తీసి ఇచ్చారు. అంటే ఆ పని చందాతోనే మొదలైంది. అప్పట్లో ఆదుకున్నవారిలో 16 మందికి తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మండలి కారా అనే పేరుతో నేటికీ పనిచేస్తోంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలువు పోయిన వైద్యాచార్యుడు ఫిలిప్ ష్వార్ట్జ్ స్విట్జర్లాండు చేరి, తనలాంటి వారి జాబితా పట్టుకుని టర్కీ ప్రభుత్వంతో మాట్లాడారు. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. న్యాయశాస్త్రవేత్త అర్న్‌స్ట్ హిర్ష్ అలా వెళ్ళినవారే. టర్కీ వాణిజ్య చట్టం రూపొందడంలో ఆయన చేయి ఉంది. కష్టకాలంలో యూదు పండితులకు ఒక ముస్లిం సమాజం చోటిచ్చిన సంగతి మన పిల్లలకు చెప్పదగ్గది.

తర్వాత కాలం తిరగబడింది. 1960లో టర్కీ సైనిక ప్రభుత్వం 147 మంది అధ్యాపకులను తొలగించింది. వారిలో ఫువాద్ సెజ్గిన్ ఒకరు. ఈసారి చోటిచ్చింది ఫ్రాంక్‌ఫర్ట్. అరబ్బు, ఇస్లామీ విజ్ఞాన చరిత్ర కోసం ఆయన 1982లో అక్కడే ఒక సంస్థను నెలకొల్పారు. ఈ రోజు ఇచ్చే చేయి రేపు పుచ్చుకునే చేయి కావచ్చు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది?

1999లో స్కాలర్స్ అట్ రిస్క్ అనే విశ్వవిద్యాలయాల కూటమి, 2002లో అమెరికాలో స్కాలర్ రెస్క్యూ ఫండ్, 2015లో జర్మనీలో ఫిలిప్ ష్వార్ట్జ్ పేరుతోనే ఒక పథకం మొదలయ్యాయి. వివరాలు వేరైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. పండితుడు తన చదువు, రచనలు, తనకున్న ప్రమాదం గురించి దరఖాస్తు పెట్టుకుంటాడు. నిపుణులు దాన్ని పరిశీలిస్తారు. ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆతిథ్యం ఇవ్వడానికి ఒప్పుకోవాలి. ఏడాదికో రెండేళ్ళకో భృతి ఇస్తారు. స్కాలర్ రెస్క్యూ ఫండ్ పద్ధతిలో ఏడాదికి 25,000 డాలర్ల దాకా నిధి ఇస్తే, దానికి దీటుగా ఆతిథ్య సంస్థ కూడా భరిస్తుంది.

మానవ హక్కుల మీద పనిచేసేవారి చిక్కు మిగతావారికంటే ఎక్కువ. వారి దగ్గర బాధితుల వాంగ్మూలాలు, సాక్షుల పేర్లు ఉంటాయి. వారు మౌనమైతే ఆ సాక్ష్యమూ వారితోనే పోతుంది. ఇంటివారు వెనక ఉండిపోయి ఉంటారు. ప్రాణభయంతో బయలుదేరినవారి చేతిలో డిగ్రీ పత్రాలు కూడా ఉండకపోవచ్చు. అందుకే భృతితో పాటు వీసా, కుటుంబం, కాగితాల విషయంలోనూ తోడు కావాలి.

మన గడ్డ మీద

ఈ విషయం మన ప్రాంతానికి కొత్త కాదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పల్లెల్లో ఏం జరుగుతోందో తిరిగి, విని, రాసినవారు పౌరహక్కుల కార్యకర్తలు. వారిలో జగిత్యాల న్యాయవాది గోపి రాజన్న 1985లో హత్యకు గురయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ అదే ఏడాది ఆ కొలువు వదిలి, 2009లో చనిపోయేదాకా హక్కుల పనిలోనే ఉన్నారు. ఆయన రాసిన వందలాది పేజీలకు వెనక విశ్వవిద్యాలయపు జీతం లేదు.

ఇప్పుడు రాయవలసినవి తగ్గాయా? గల్ఫ్ నుంచి మన ఊళ్ళకు వచ్చే పెట్టెతో పాటు ఒక కాగితం వస్తుంది. చాలాసార్లు అందులో సహజ మరణం అన్న ఒక్క మాటే ఉంటుంది. పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ కుర్రాడికి ఆ మరణం ఎలా వచ్చిందో ఎవరు తేల్చాలి? సిరిసిల్లలో సాంచాల మీద రాత్రంతా నిలబడే కార్మికుడి కూలి లెక్క, కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి దగ్గు, వీటిని ఊరూరా తిరిగి నమోదు చేసి చట్టం ముందు పెట్టగల పరిశోధకులు కావాలి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు కేంద్రం ఇచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో ప్రకటించారు. ఆ తలుపు మూసుకున్నాక పేదింటి బిడ్డ పీహెచ్‌డీ దాకా వెళ్ళే దారి ఇరుకైంది.

జకాత్ సొమ్ము వాడవచ్చా?

దాతల మనసులో ముందుగా వచ్చే సందేహం ఇది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను సూరా తౌబా 60వ ఆయత్ చెబుతుంది. వారిలో నిరుపేదలు ఉన్నారు, అప్పుల్లో చిక్కినవారు ఉన్నారు, బాటసారి కూడా ఉన్నాడు. సొంత ఊళ్ళో ఆస్తి ఉన్నా, దారిలో చేతిలో పైసా లేనివాడు బాటసారి. ఇల్లు విడిచి వచ్చిన పండితుడి స్థితి దానికి దగ్గరే. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి చేతికి, అతని సొంతానికి చేరాలి. భవనం కట్టిస్తే ఆ షరతు నెరవేరదు, అర్హుడి చేతికి నేరుగా ఇచ్చే భృతితో నెరవేరుతుంది. అయితే అతను నిసాబ్ గల సంపన్నుడు కాకూడదు. ముస్లిమేతర పరిశోధకుడికి సదఖా, లిల్లాహ్ పద్దు నుంచి ఇవ్వవచ్చు. ప్రతి సందర్భంలోనూ ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నడుచుకోవడం మేలు.

మా సూచన చిన్నదే. లిల్లాహ్ పద్దులో ఒక భాగాన్ని విడిగా పెట్టి, ఏడాదికి ఒక్క పరిశోధక విద్యార్థికైనా నెలనెలా భృతి ఇద్దాం. గల్ఫ్ మరణాల మీదనో, సాంచాల కూలి మీదనో పనిచేసేవారికి, హైదరాబాద్‌లో చదువుతూ దేశంలో యుద్ధం వల్ల ఇంటికి వెళ్ళలేకపోయిన విదేశీ విద్యార్థికి ముందు చోటిద్దాం. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు కాబట్టి అలాంటివారికి ఇక్కడ ఆసరా మరీ తక్కువ. ఎంపికను విశ్వవిద్యాలయ ఆచార్యులకు వదిలేద్దాం, ఏడాది చివర లెక్క మాత్రం జనరల్ బాడీ ముందు పెడదాం.

రేషన్ మూట ఆపమని మేము అనడం లేదు. ఆ మూట ఇంటికి ఎందుకు అవసరమైందో రాసేవారిని కూడా నిలబెడదామంటున్నాం. లోకానికి మేలు చేసే ఇల్మ్ మనిషి పోయాక కూడా పుణ్యం తెచ్చిపెడుతూనే ఉంటుందని మన పెద్దలు నేర్పారు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.