హైస్కూలు విద్యార్థులు - గ్రంథపఠనాభిరుచి

మన దేశమున చదువు పెరుగుచున్నది. చదువరులు పెరుగుట లేదు. ఈ మాట వినుటకు వింతగ నుండవచ్చును గాని, సమీపమున నున్న హైస్కూలునకు పోయి పదవతరగతి పిల్లల నడిగి చూచినచో దీని నిజము తేటపడగలదు. పాఠ్యపుస్తకములు గాక ఈ సంవత్సరమున నీ యిష్టముచే చదివిన పుస్తక మేదియని యడుగుడు. పలువురు తలవంచుకొందురు, కొందఱు గైడు పేరు చెప్పుదురు. మార్కులు మెండుగ తెచ్చుకొన్న బాలుడు సైతము ఈ ప్రశ్నకు మౌనము వహించుట మిక్కిలి విచారకరము.

ఈ లోపము స్వల్పమైనదని మేము తలపజాలము. పండ్రెండవయేట మొదలు పదాఱవయేటి వఱకు గల కాలము మనుష్యుని యభిరుచులు కుదురుకొను కాలము. అంతకు పూర్వము బాలుడు అక్షరములతో పెనగులాడుచుండును. ఆ పిమ్మట ప్రవేశపరీక్షలు, కళాశాలలు, ఉద్యోగపు వెదకులాట ఆతనిని ఊపిరి త్రిప్పుకొననీయవు. నడుమనున్న యీ నాలుగేండ్లలో పుస్తకముతో చెలిమి కుదిరినచో అది యావజ్జీవము నిలుచును. కుదరనిచో, పరీక్ష ముగిసిన మఱునాడే పుస్తకములను పాతకాగితముల వర్తకునకు తూచి యిచ్చి చేతులు దులుపుకొనును. అట్టివాడు అక్షరాస్యుల లెక్కలోనికి వచ్చునే గాని చదువరి కాడు. రేపు వాడే యింటి యజమాని యగును. క్రయదస్తావేజులోని షరతులను తానై చదివి తెలిసికొను నోర్పు లేక, ఎవరో చూపినచోట వ్రాలు చేయును. బ్యాంకి అప్పుపత్రమును, పంటబీమా నిబంధనలను, ఎన్నికల వాగ్దానములను పరుల నోటనే వినును. పదేండ్లు బడికి పోయియు పరుల నోటికి కట్టుపడినవానికి చదువిచ్చిన స్వాతంత్ర్య మేమి?

పుస్తకప్రీతి ఆంధ్రులకు క్రొత్తగ నేర్పవలసినది కాదు. 1901లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. రాజభాష వేఱైన రాజ్యమున తెలుగుచదువునకు అట్టి నిలయములే దిక్కైనవి. 1914లో బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు నాటినుండి తమ జీవితమును గ్రంథాలయములకే ధారపోసిరి. వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనపు భవనమునకు 1929లో మహాత్ముడు స్వయముగ శంకుస్థాపన చేసెను. 1935లో గుంటూరుజిల్లా పెదపాలెమునందు పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథములుంచి కాలువగట్టు గ్రామములకు పంపించిరి. వీరందఱి కృషికి పరదేశ ప్రభుత్వపు చేయూత లేదు. పాఠకుడు వచ్చునని పుస్తకము కాచుకొని యుండరాదు, పాఠకుని కడకు పుస్తకమే పోవలయునను నెఱుక మాత్రము వారికి గలదు.

నేడు మన హైస్కూళ్లలో జరుగుచున్నది దీనికి విపరీతము. పుస్తకములు లేవని చెప్పుటకు వీలులేదు; అనేకములగు పాఠశాలలలో ఒకటి రెండు బీరువాల నిండ గలవు. బీరువాకు తాళము గలదు. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని సొఱుగులో గలదు. తనిఖీదినమున తలుపు తెఱచి, దుమ్ము దులిపి, మరల మూయుదురు. ఇందులకు ఉపాధ్యాయుని నిందించి ప్రయోజనము లేదు. స్టాకురిజిస్టరులో నెక్కిన ప్రతి పుస్తకమునకు ఆతడే పూచీ. ఒకటి పోయినను, చినిగినను సంజాయిషీ చెప్పుకొనవలసినవాడును, బదిలీనాడు లెక్క యప్పగించవలసినవాడును ఆతడే. పుస్తక మెవ్వరును చదువకున్నచో ఆతని నడుగువారు లేరు. పోయినచో అడుగువారు పలువురు. ఇట్టి ధర్మమునకు లోబడినవాడు తాళము వేయక యేమి చేయును? బాలుని చేతిలో నలిగి చినిగిన పుస్తకము నష్టము కాదు, అది ఫలించిన పుస్తకము. చెదలకు చిక్కిన పుస్తకమే నష్టము. ఏటేట కొన్ని పుస్తకములు పోవుట, చినుగుట సహజమని యంగీకరించి, వానిని లెక్కనుండి కొట్టివేయు నధికారమును ప్రధానోపాధ్యాయున కొసగవలయును. ఈ యొక్క ఉత్తరువు వెలువడినచో వేలకొలది బీరువాలు ఒక్కనాట తెఱచుకొనును.

పిదప పుస్తకముల నెన్నుకొను విషయము. పిల్లలకు నీతిబోధలే యీయవలయునని పెద్దలు తలచుట కలదు. ఆకలి పుట్టకమున్నే పథ్యము పెట్టుట వంటిది యిది. మొదట రుచి కలుగవలయును. తెనాలి రామలింగని కథలు చదివి నవ్విన బాలుడు ‘గణపతి’ని, ‘బారిస్టరు పార్వతీశము’ను అడిగి చదువును, వానినుండి యాత్రలకు, జీవితచరిత్రలకు, విజ్ఞానగ్రంథములకు తానే మెట్లెక్కును. 1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ వెలువడి యెందఱి యిండ్లలో తెలుగు చదువరులను తయారు చేసినవో నేటి వృద్ధుల నడిగిన తెలియగలదు. ఆ పత్రికలు నేడు వెలువడుట లేదు. పాతసంచికలను పెట్టెలలో దాచుకొన్నవారు వానిని పాఠశాల కీయవచ్చును గదా!

ఉపాధ్యాయుని చేతిలో నున్న యుపాయము మఱియొకటి గలదు. వారమున కొక పీరియడు తానే ఒక కథను బిగ్గరగ చదివి, కథ రసవత్తరమైన పట్టున గంట మ్రోగగానే పుస్తకము మూసి బల్లపై నుంచి పోవలయును. మిగిలిన పని ఆ పుస్తకమే చేసికొనును. ఆ పీరియడును లెక్కలకో, సైన్సునకో అప్పుగ నీయరాదు. చదివినదానిపై ప్రశ్నలు, సారాంశములు, మార్కులు ఉండరాదు. పరీక్ష అడుగుపెట్టినచోట ప్రీతి నిలువదు. నచ్చని పుస్తకమును సగములో విడుచు హక్కు పెద్దలకు గలదు. పిల్లలకును దాని నీయవలయును. తాను చదువని గురువు చదువుమని చెప్పిన పిల్లలు వినరని వేఱుగ చెప్పనేల?

పదవతరగతి పరీక్ష సమీపించుచుండగా కథలతో కాలము గడపుట యేలయని తలిదండ్రు లడుగవచ్చును. ఇష్టముతో చదువువానికి మాటలు తెలియును, వాక్యము పట్టుబడును, ప్రశ్నలోని భావము చప్పున స్ఫురించును. ఇవి యే పరీక్షకు పనికిరావు? కాలము చాలదనువారి యిండ్లలోనే పిల్లలు సెల్‌ఫోనుమీద గంటలకొలది గడపుచున్నారు. ఫోనును లాగికొనినంత మాత్రమున పుస్తకము చేతికి రాదు. భోజనమైన పిదప తండ్రి తన ఫోనును ప్రక్కనుంచి అరగంట పుస్తకము పట్టుకొనినచో, వేయి మందలింపుల కంటె నది మేలు.

ప్రభుత్వముల బాధ్యతయు తక్కువ కాదు. స్వతంత్రభారతమున తొలి గ్రంథాలయశాసనము 1948లో మద్రాసు రాష్ట్రమున వెలసినది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపన్నును మనము చెల్లించుచున్నాము. వసూలైన సొమ్మును స్థానికసంస్థలు జిల్లా గ్రంథాలయసంస్థలకు సకాలమున జమకట్టుట లేదను ఫిర్యాదు ఏండ్ల తరబడి వినవచ్చుచున్నది. పుస్తకము పేర వసూలు చేసిన పైక మది. వేఱొక పద్దునకు త్రిప్పుట తగదు. 2022లో తెలంగాణమున నూఱు దినముల పఠనోద్యమము సాగినది. మంచిదే. కాని నూఱు దినములతో అభిరుచి నిలువదు. ఏటేట నవంబరు 14 మొదలు 20 వఱకు జరుగు గ్రంథాలయ వారోత్సవములతోను నిలువదు. శాఖాగ్రంథాలయపు పుస్తకముల పెట్టె నెల కొకమాఱు హైస్కూలునకు పోయి, మాఱి, తిరిగి రావలయును. బాలికల విషయమున నిది మఱింత యవసరము. సాయంకాలము బజారులోని గ్రంథాలయమునకు పోయి కూర్చుండుటకు వారిలో పెక్కుమందికి ఇంటివారి యనుమతి లేదు. బడిలోని బీరువా మూతపడెనా, వారికి పుస్తకలోకమంతయు మూతపడినట్లే.

మా పాఠకులలో భూవసతి గలవారును, పట్టణములలో వృత్తివ్యాపారములు చేయువారును కలరు. గుడికి ధ్వజస్తంభమును, బడికి గదిని కట్టించిన దాతృత్వము మీ వంశములకు క్రొత్త కాదు. పుట్టినదినమునకో, పెండ్లికో, పంట యింటికి వచ్చిననాడో, మీ గ్రామపు హైస్కూలునకు పాతిక మంచి పుస్తకము లిండు. ఇచ్చి యూరకుండక, మూడు నెలలు గడచిన పిదప పోయి చూడుడు. అవి క్రొత్తవిగనే యున్నచో ఎందువలననో యడుగుడు. అట్టలు నలిగి, అంచులు మడిగి, చేతిమరకలు పడియున్నచో సంతోషించి మఱి పాతిక పంపుడు.