కాలం తప్పిన గడియారం, వన్నె తప్పని మీనా

17వ శతాబ్ది ఐరోపాలో జేబు గడియారం కాలాన్ని కొలిచే పరికరంగా కన్నా ఒంటి మీది నగగానే ఎక్కువగా చెలామణి అయింది. స్ప్రింగ్ బిగువుతో నడిచే చిన్న గడియారాలు 16వ శతాబ్ది తొలినాళ్లలోనే న్యూరెంబర్గ్ వంటి జర్మన్ పట్టణాల్లో తయారయ్యాయి. కానీ వాటి నడకను అదుపులో ఉంచవలసిన బ్యాలెన్స్ చక్రానికి తనదంటూ ఒక నిలకడైన ఊపు లేకపోవడంతో, గడియారం రోజుకు అరగంట దాకా ముందుకో వెనక్కో జరగడం మామూలే అయింది. గంటనే సరిగా చూపలేని యంత్రానికి నిమిషాల ముల్లు అమర్చడంలో అర్థం లేదు కనుక చాలాకాలం వాటికి ఒక్క ముల్లే ఉండేది. అటువంటి గడియారాలు ఇవాళ మ్యూజియంలలోనూ సేకర్తల పెట్టెల్లోనూ భద్రంగా ఉన్నాయంటే, వాటిని కాపాడింది లోపలి యంత్రం కాదు, పై డిప్ప మీద కొలిమిలో కరిగి అంటుకున్న పలుచని గాజు పొర. ఆ పొరనే ఐరోపాలో ఎనామెల్ అనీ, మన నగల పనివారి వాడుకలో మీనా అనీ అంటారు.

మీనా స్వభావరీత్యా రంగు కాదు, గాజు. ఇసుకలోని సిలికాకు సోడా, పొటాష్, సీసపు ఆక్సైడ్ వంటివి చేర్చి కరిగిస్తే తక్కువ వేడికే మెత్తబడే గాజు వస్తుంది. దానిని మెత్తగా నూరి, కడిగి, తడిపొడిగా లోహం మీద పరచి, ఆరిన తర్వాత 750 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వేడి గల కొలిమిలో కొద్ది నిమిషాలు ఉంచితే పొడి కరిగి నునుపైన పొరగా లోహాన్ని పట్టుకుంటుంది. ఈ గాజుకు వన్నె వచ్చేది లోహాల ఆక్సైడ్ల వల్ల: కోబాల్ట్‌తో ముదురు నీలం, రాగితో ఆకుపచ్చా ఆకాశనీలమూ, మాంగనీసుతో ఊదా, సీసం, యాంటిమొనీల సమ్మేళనంతో పసుపు వస్తాయి. తగరపు ఆక్సైడ్ గాజులో కరగకుండా సూక్ష్మమైన రేణువులుగా నిలిచి వెలుగును చెదరగొడుతుంది కాబట్టి దానితో కలిపిన గాజు పాలలా తెల్లగా, అపారదర్శకంగా కనిపిస్తుంది. గులాబీ, కెంపు వన్నెలకు 17వ శతాబ్ది చివర నుంచి బంగారాన్నే వాడారు. బంగారు ద్రావణాన్ని తగరపు లవణంతో కలిపి తీసే ఈ రంగుకు, 1685లో దాని గురించి రాసిన ఆండ్రియాస్ కాసియస్ పేరు నిలిచిపోయింది. అందులో ఉన్నది కంటికి కనిపించనంత చిన్న బంగారు కణాలేనని 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పరిశోధించిన రిచర్డ్ జిగ్‌మాండీకి 1925వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఈ పనిలో అసలు చిక్కు రంగుల్లో కాక గాజు, లోహం కలిసి చల్లారే తీరులో ఉంది. కొలిమి నుంచి బయటికి వచ్చిన రాగి రేకు గది వేడికి దిగేసరికి పొడవులో వందకు ఒక వంతుకు పైగా కుంచించుకుంటుంది. బంగారం దానికన్నా కొంత తక్కువగా, గాజు ఆ రెండింటికన్నా తక్కువగా కుంచించుకుంటాయి. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కానీ లాగుడును ఓర్వలేదు కనుక, చల్లారిన తర్వాత లోహం గాజును అన్ని వైపుల నుంచీ కొద్దిగా నొక్కి పట్టి ఉంచేలా గాజు పాళ్లను కుదుర్చుకోవాలి. ఆ తేడా మితిమీరితే పొర పెచ్చులుగా లేస్తుంది, తిరగబడితే సన్నని బీటలు వారుతుంది. పలుచని రేకుకు ఒక్క పక్కనే మీనా వేస్తే అది వంగిపోతుంది కాబట్టి, చూడడానికి పనికిరాని వెనుక పక్కన కూడా మరొక గాజు పూత వేసి ఆ ఒత్తిడిని సరిచేస్తారు. రేకును కొద్దిగా ఉబ్బెత్తుగా కొట్టడానికీ ఇదే కారణం. పాత గడియారపు డయల్ విప్పి వెనక్కి తిప్పితే కనిపించే బూడిదరంగు గాజు పొర అలంకారం కోసం వేసినది కాదు, ముందు పక్క బీటలు వారకుండా ఉండేందుకు వేసినది.

గడియారాల కాలానికి మీనా కొత్త విద్య కాదు. సన్నని బంగారు తీగలను రేకు మీద నిలిపి వాటి మధ్య గళ్లలో గాజు నింపే పద్ధతిని బైజాంటియం పనివారు పరాకాష్ఠకు తెచ్చారు. లోహాన్నే గుంటలుగా తొలిచి అందులో గాజు నింపే పద్ధతికి మధ్యయుగాల్లో ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్టణం పేరు పొందింది. జయపూర్ మీనా పని, కుందన్ నగల వెనుక పక్కన కనిపించే పువ్వుల పని ఈ రెండో పద్ధతికి చెందినవే. ఈ రెండు పద్ధతుల్లోనూ రంగుకూ రంగుకూ మధ్య లోహపు గట్టు తప్పదు కనుక నీడ వెలుగులతో కూడిన మనిషి ముఖాన్ని వాటితో చిత్రించడం వీలుకాదు. లిమోజ్ పనివారే 15వ శతాబ్ది చివరి నుంచి గట్లు వదిలి రాగి రేకు మీద గాజు పొడితో బొమ్మలు వేశారు గానీ, నూరిన గాజు రేణువులతో వెంట్రుకవాసి గీతలూ చర్మపు ఛాయలూ తేవడానికి వారి పద్ధతి చాలలేదు.

ఆ లోటును తీర్చినవాడు ఫ్రాన్స్‌లోని షాతోదాఁ పట్టణపు స్వర్ణకారుడు జాఁ తుతాఁ. 1630 ప్రాంతంలో ఆయన కుదిర్చిన పద్ధతిలో మొదట బంగారు రేకు మీద తెల్లని మీనా పొర వేసి కాల్చి కాగితంలాంటి నేలను సిద్ధం చేస్తారు. ఆ తర్వాత లోహపు ఆక్సైడ్లను కొద్దిపాటి గాజుతో కలిపి అగేట్ రాతి కల్వంలో అతి మెత్తగా నూరి, లావెండర్ జాతి మొక్కల నూనెతో పలుచన చేసి, కొన్ని వెంట్రుకలే ఉన్న కుంచెతో ఆ నేల మీద చిత్రిస్తారు. నూనె పూర్తిగా ఆవిరయ్యాక రేకును కొలిమిలో పెడతారు. ఎక్కువ వేడి తట్టుకునే రంగులను ముందు, సున్నితమైన వాటిని చివర వేసి, ఒక్కో విడతకూ వేడిని తగ్గించుకుంటూ పోవాలి గనుక, ఒక బొమ్మ పూర్తయ్యేలోగా రేకు పదిసార్లయినా కొలిమికి వెళ్లి వస్తుంది. కొలిమిలో రంగులు మారతాయి కాబట్టి చిత్రకారుడు కంటికి కనిపించే రంగును కాక, కాలిన తర్వాత రాబోయే రంగును మనసులో ఉంచుకుని కుంచె కదపాలి. చివరి విడతలో వేడి కాస్త హెచ్చినా, చిన్న గాలిబుడగ పైకి తేలినా వారాల శ్రమ పాడవుతుంది.

ఈ పద్ధతి చేతికి రాగానే దగ్గరలోని బ్లువా పట్టణపు గడియారాల పనివారు దానిని అందిపుచ్చుకున్నారు. అరచేతిలో ఇమిడే గుండ్రని డిప్పకు లోపలా బయటా, మూతకూ డయల్‌కూ కూడా పురాణ గాథలు, క్రైస్తవ ఘట్టాలు, ప్రకృతి దృశ్యాలు చిత్రించిన గడియారాలు రాజకుటుంబాల మధ్య కానుకలుగా తిరిగాయి. మూత తెరిస్తే లోపలి గోడ మీద ఒక నది ఒడ్డు, డయల్ నడుమ మరొక చిన్న దృశ్యం, దాని చుట్టూ తెల్లని వలయంలో రోమన్ అంకెలు ఉండే ఆ గడియారాల్లో కాలం చూపే భాగానికి మిగిలిన చోటు చాలా తక్కువ.

అదే విద్య ముఖచిత్రాలకూ మళ్లింది. ఇంగ్లండ్‌లో చిత్రకారుడు నికొలస్ హిలియార్డ్ కాలం నుంచి చిన్న ముఖచిత్రాలను పలుచని తోలు మీద నీటిరంగులతో వేసేవారు. 1700 ప్రాంతంలో వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కరియెరా ఏనుగు దంతపు రేకును వాడుకలోకి తెచ్చింది. నీటిరంగుల్లోని ఎరుపులు వెలుగు తగిలేకొద్దీ వెలిసిపోతాయి, దంతం తేమకు వంగుతుంది. రంగే గాజుగా మారిన మీనా చిత్రానికి ఆ రెండు బాధలూ లేవు. జెనీవాలో 1607లో పుట్టిన జాఁ పెతితో అనే మీనా చిత్రకారుడు ఇంగ్లండ్ చేరి, రాజు మొదటి చార్లెస్ కొలువులో చిత్రకారుడు వాన్ డైక్ వేసిన చిత్రాలకు మీనాలో ప్రతులు చేసినప్పుడు, రాజవైద్యుడూ రసాయనవేత్తా అయిన థియొడోర్ ద మయర్న్ అతనికి రంగుల తయారీలో తోడ్పడ్డాడు. ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ భవనంలో ఉన్న, అతను చేసిన సౌదాంప్టన్ కౌంటెస్ చిత్రం సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు ఉంది. మామూలు మీనా చిత్రాలు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు దాటని ఆ కాలంలో అంత పెద్ద రేకును వంగకుండా, బీటలు వారకుండా కొలిమి నుంచి తీయడమే ఒక ఘనత. తర్వాత పెతితో ఫ్రాన్స్‌లో 14వ లూయీ కొలువుకు చేరాడు. అక్కడ ప్రొటెస్టంట్లకు ఉన్న మతస్వేచ్ఛను 1685లో రద్దు చేయడంతో చెరసాల పాలై, ముసలితనంలో స్విట్జర్లాండ్‌కు తిరిగివెళ్లి 1691లో మరణించాడు.

ఈలోగా గడియారం లోపల పెద్ద మార్పు వచ్చింది. 1675లో శాస్త్రవేత్త క్రిస్టియన్ హైగెన్స్ బ్యాలెన్స్ చక్రానికి సన్నని చుట్ట స్ప్రింగును జోడించాడు. ఆ స్ప్రింగ్ చక్రాన్ని ప్రతిసారీ నడిమికి లాగి ఒకే లయలో ఊగేలా చేయడంతో, అరగంటల్లో ఉన్న తప్పు నిమిషాలకు దిగివచ్చి, నిమిషాల ముల్లు అర్థవంతమైంది. నిమిషాలను చదవాలంటే డయల్ స్పష్టంగా ఉండాలి కాబట్టి బొమ్మల డయల్ క్రమంగా వెనకబడి, రాగి బిళ్ల మీద తెల్లని మీనా వేసి నల్లని అంకెలు కాల్చిన డయల్ 18వ శతాబ్దిలో అంతటా వ్యాపించింది. అంతకుముందు చేసిన ఖరీదైన డిప్పల యజమానులు పాత యంత్రాన్ని తీసేసి కొత్తదాన్ని అమర్చుకున్నారు. అందువల్లనే 17వ శతాబ్దికి చెందిన మీనా డిప్పల్లో చాలావాటిలో ఇవాళ కనిపించే యంత్రం ఆ తర్వాతి తరానిది. పనిముట్టుగా మారాల్సి వచ్చింది లోపలి భాగం, నగగానే నిలిచిపోయింది పై భాగం.

ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ప్రొటెస్టంట్ పనివారు జెనీవాలో గడియారాల పనికీ మీనా పనికీ బలం చేకూర్చారు. అక్కడ 1601లోనే గడియారాల పనివారి సంఘం ఏర్పడింది. 1630లో వచ్చి స్థిరపడిన పియెర్ యుఓ అనే స్వర్ణకారుని ముగ్గురు కొడుకులు డిప్పల మీద సంతకాలతో చేసిన మీనా పనికి బ్రాండెన్‌బర్గ్ పాలకుడు కూడా పోషకుడయ్యాడు. 18వ శతాబ్దిలో జెనీవా పనివారు బొమ్మ పూర్తయ్యాక దాని మీద రంగులేని పారదర్శక గాజు పొరను మరోసారి కాల్చి, అరుగుదల నుంచి కాపాడుతూనే లోతైన మెరుపు తేవడం సాధించారు. లోహం మీద యంత్రంతో అలల గీతలు చెక్కి, దానిపై పారదర్శక రంగు గాజును పొరలుగా వేసే పద్ధతిలో వెలుగు గాజును దాటి గీతలను తాకి తిరిగి వస్తుంది. 1918లో మూతపడే నాటికి రష్యాలోని ఫాబెర్జె సంస్థ వద్ద ఈ రకపు మీనాకు 140కి పైగా ఛాయలు ఉండేవి.

జెనీవా మీనాకు అతిపెద్ద గిరాకీ చైనా నుంచి వచ్చింది. 1735 నుంచి 1796 దాకా ఏలిన చియెన్‌లుంగ్ చక్రవర్తికి ఐరోపా గడియారాలంటే మక్కువ. ఆ మక్కువను అనుసరించి కాంటన్ రేవు మీదుగా ముత్యాలు పొదిగిన, పూలగుత్తులూ గొల్లెత దృశ్యాలూ చిత్రించిన గడియారాలు తరలివెళ్లాయి. కానుక జంటగా ఇవ్వడం అక్కడి ఆచారం కనుక వాటిని జతలుగా, ఒకదాని బొమ్మ రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండేట్లు తయారు చేసేవారు. 1822లో మొదలైన బోవే సంస్థ ఈ వ్యాపారంతోనే ఎదిగింది. 19వ శతాబ్ది రెండో సగంలో అచ్చంగా యంత్రాల మీద తయారయ్యే చౌక గడియారాలు వచ్చాక, చేతితో చిత్రించే మీనా కొద్దిమంది పనివారికి పరిమితమైంది. అక్కడి నుంచి దాని చరిత్ర ప్రధానంగా సేకర్తల చరిత్ర.

అమెరికన్ బ్యాంకరు జె. పియర్‌పాంట్ మోర్గన్ కూడబెట్టిన పాత గడియారాల్లో ఎక్కువ భాగం 1917లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం చేరాయి. 2001లో జెనీవాలో తెరిచిన పటేక్ ఫిలిప్ మ్యూజియంలో గడియారాలతో పాటు మీనా ముఖచిత్రాలకు విడిగా చోటుంది. అదే నగరంలో గడియారాలకూ మీనాకూ కలిపి ఉన్న మరో మ్యూజియంలో 2002లో భారీ దొంగతనం జరగడంతో దానిని మూసివేశారు. హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణతో 1951లో ప్రారంభమైన మ్యూజియంలో ఐరోపా గడియారాలకు ప్రత్యేక విభాగమే ఉంది. సందర్శకులు గంటగంటకూ గుమిగూడి చూసే సంగీత గడియారంతో పాటు, ఫ్రాన్స్‌లో 15వ, 16వ లూయీల శైలికి చెందిన గడియారాలను కూడా అక్కడ చూడవచ్చు.

సేకర్త ముందున్న పని రెండు చరిత్రలను ఒకేసారి చదవడం. యంత్రం మీది సంతకం, డిప్ప మీది సంతకం వేర్వేరు తరాలవైతే అది మోసమని వెంటనే అనడానికి వీల్లేదు, ఆ మార్పు ఎప్పుడు ఎందుకు జరిగిందో తెలుసుకోవాలి. మీనా విషయంలో మాత్రం నిర్దాక్షిణ్యంగా ఉండాలి. ఒకసారి పెచ్చు లేచిన చోటును కొలిమిలో తిరిగి కాల్చాలంటే అతుకులు కరగవచ్చు, చుట్టూ ఉన్న పాత గాజు బీటలు వారవచ్చు. అందుకని చాలామంది మరమ్మతుదారులు రెజిన్‌లో కలిపిన రంగుతో చల్లగా పూడుస్తారు. మామూలు వెలుగులో పోల్చలేని ఈ పూడిక అతినీలలోహిత దీపం కింద తరచూ వేరే వెలుగుతో బయటపడుతుంది. భూతద్దంతో పక్కవాటుగా చూస్తే దాని మెరుపు గాజు మెరుపు కాదని తెలుస్తుంది. డయల్ మీది వెంట్రుకంత బీటలో మురికి చేరితే నల్లగా కనిపిస్తుంది కాబట్టి, అమ్మేముందు దానిని కడిగి మాయం చేయడం వ్యాపారంలో పాత అలవాటు. 19వ శతాబ్దిలో వియన్నాలోనూ పారిస్‌లోనూ పాత శైలిలో చేసిన ప్రతులు కూడా విస్తారంగా ఉన్నాయి కనుక, బొమ్మ పాతదిగా ఉన్నంత మాత్రాన వస్తువు పాతదని నమ్మకూడదు.

మీనా చెక్కు చెదరదన్న మాట వెలుగు విషయంలో నిజం, దెబ్బ విషయంలో కాదు. జారిపడితే పగులుతుంది. అల్ట్రాసోనిక్ కంపనాలతో శుభ్రం చేసే తొట్టెలో వేస్తే వదులైన పెచ్చులు ఊడిపోతాయి. పొటాష్ పాలు ఎక్కువైన కొన్ని పాత గాజులు గాలిలోని తేమను పీల్చి క్రమంగా చెమర్చి, మసకబారి పొడిబారతాయి కాబట్టి తేమ, వేడి హెచ్చుతగ్గులు లేని చోట వాటిని ఉంచాలి. యంత్రానికి నూనె మార్చవచ్చు, పళ్ల చక్రం కొత్తది చేయవచ్చు, స్ప్రింగ్ వేయవచ్చు. మూడు శతాబ్దాల కిందట కొలిమి దాటి వచ్చిన గులాబీ ఛాయను మాత్రం అదే పాళ్లలో, అదే పొరలో తిరిగి తేవడం ఇప్పటి ఏ పనివాడికీ సాధ్యం కాదు. కాలాన్ని సరిగా కొలవలేకపోయిన ఆ యంత్రాల విలువను నిర్ణయించేది నేటికీ ఈ తేడాయే.