రియాద్ రోడ్ల మీద వెనక చక్రాల కథ

సౌదీ రాజధాని రియాద్ శివార్లలో ప్లాట్లు వేసి, ఇళ్లింకా కట్టని వెడల్పాటి రోడ్లు చాలా ఉంటాయి. రాత్రిళ్లు కుర్రాళ్లు అలాంటి చోట గుమిగూడి చేసే ప్రమాదకరమైన కారు విన్యాసాన్ని తఫ్‌హీత్ అంటారు. హజ్వలా అనీ అంటారు. నిండు వేగంతో వస్తున్న కారు ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం తిరుగుతుంది, పక్కవాటుగా జారుతూ దూసుకుపోతుంది. ఇందుకు వాడేవి రేసు కార్లు కావు. టొయోటా క్యామ్రీ, హ్యుందాయ్ సొనాటా, హోండా అకార్డ్ వంటి ఇంటిల్లిపాదీ తిరిగే బళ్లు. చాలాసార్లు అద్దెకు తెచ్చినవి. ఫ్రెంచి పరిశోధకుడు పాస్కల్ మెనోరే రియాద్‌లో ఉండి ఈ కుర్రాళ్ల లోకాన్ని దగ్గరగా చూసి, 2014లో దాని మీద ఒక పుస్తకమే ప్రచురించాడు. చమురు డబ్బుతో పరచుకున్న నగరం, పనిలేని యవ్వనం, ఖాళీ రోడ్లు కలిసి ఈ ఆటను పెంచాయని ఆయన వాదన.

ఇంజనీరింగ్ వైపు నుంచి చూస్తే ఇందులో ఆశ్చర్యపోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పైన చెప్పిన మూడూ ముందు చక్రాలు లాగే కార్లు. అలాంటి కార్లు మామూలుగా వెనక తిప్పవు. మలుపులో వేగం ఎక్కువైతే ముందు టైర్లే మొదట పట్టు వదులుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి మలుపు బయటికి నెట్టుకుపోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. తయారీదార్లు కావాలనే అలా తీరుస్తారు. భయపడిన మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యడం. అండర్‌స్టీర్‌లో ఆ పని మేలే చేస్తుంది, వేగం తగ్గి ముందు టైర్లు మళ్లీ పట్టు తెచ్చుకుంటాయి.

కానీ అదే పని వెనక టైర్ల ప్రాణం తీయగలదు. టైరు మీద ఎంత బరువు ఉంటే దానికి అంత పట్టు. 1,500 కిలోల కారులో ముందు వైపు 900 కిలోలు, వెనక 600 కిలోలు ఉన్నాయనుకుందాం. ముందు ఇంజను, గేర్‌బాక్సు రెండూ ఉంటాయి కనుక పంపకం ఇంచుమించు అలాగే ఉంటుంది. మలుపు మధ్యలో డ్రైవరు కాస్త గట్టిగా, భూమ్యాకర్షణలో సగం మేరకు, బ్రేకు వేశాడు. బండి గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.75 మీటర్లు ఉంటే, ఆ క్షణంలో వెనక నుంచి ముందుకు వెళ్లే బరువు 150 కిలోలు. వెనక టైర్ల మీద 450 మిగిలింది. వాటి భారంలో పావు వంతు పోయింది, పైగా ఆ మిగిలిన పట్టులోనూ కొంత బ్రేకు తినేస్తుంది. పక్కకు తోసే బలం మాత్రం ఇంకా తగ్గలేదు. వెనక భాగం మలుపు బయటికి విసురుకుపోతుంది. ఇదే ఓవర్‌స్టీర్. బ్రేకు తొక్కకుండా కాలు చటుక్కున తీసినా ఇదే జరుగుతుంది, కాస్త తక్కువ మోతాదులో. తఫ్‌హీత్ కుర్రాళ్లు స్టీరింగ్ విసురుకు హ్యాండ్‌బ్రేక్ జోడించి దీన్నే కావాలని తెప్పిస్తారు. 1960ల మొదట్లో శాబ్ కారుతో మాంటే కార్లో ర్యాలీని రెండుసార్లు గెలిచిన స్వీడన్ డ్రైవర్ ఎరిక్ కార్ల్‌సన్ ఎడమ కాలితో బ్రేకు నొక్కుతూ, కుడి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయకుండా ముందు చక్రాల బండిని మంచు మలుపుల్లో తిప్పేవాడు. అది కోరి తెచ్చుకున్న జారుడు. మామూలు డ్రైవరుకు అది కోరకుండా వస్తుంది.

వచ్చినప్పుడు చెయ్యవలసింది చెప్పడానికి తేలిక. బ్రేకు తొక్కకూడదు. వెనక ఎటు జారుతోందో స్టీరింగ్ అటే తిప్పాలి, చూపు మాత్రం వెళ్లవలసిన దారి మీదే ఉంచాలి. ముందు చక్రాల కారు అయితే యాక్సిలరేటర్ మెల్లగా అందించాలి. అప్పుడు బరువు వెనక్కి వస్తుంది, ముందు చక్రాలు బండిని తిన్నగా లాగుతాయి. బండి నిలదొక్కుకోగానే స్టీరింగ్ వెంటనే తిన్నగా చెయ్యాలి, లేదంటే రెండో వైపుకు అంతకన్నా బలంగా విసురుతుంది. చాలా కార్లు బోల్తా పడేది ఆ రెండో విసురులోనే. ఇదంతా జరిగే వ్యవధి ఒకటి రెండు క్షణాలు. భయపడిన కాలికి యాక్సిలరేటర్ నొక్కమని చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు. అందుకే ఈ పనిని మనిషి చేతి నుంచి తీసుకున్న యంత్రం మీద నాకు అంత గౌరవం.

దాని పేరు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. బాష్ కంపెనీ పెట్టిన పేరు ఈఎస్‌పీ. పుట్టుక ఒక్క రోజులో జరగలేదు. 1978లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి వచ్చింది. ప్రతి చక్రం వేగాన్నీ కొలిచి, లాక్ అవుతున్న చక్రానికి బ్రేకు ఒత్తిడి తగ్గించడం దాని పని. 1980ల మధ్యకల్లా ట్రాక్షన్ కంట్రోల్ వచ్చింది. డ్రైవరు పెడల్ ముట్టుకోకుండానే ఒక చక్రానికి బ్రేకు వేయగల శక్తి దానితో సమకూరింది. అంటే చేతులు సిద్ధమయ్యాయి, కళ్లు లేవు. కారు తన నిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సాధనం కావాలి. డ్రైవరు ఎంత తిరగమన్నాడో దానితో పోల్చే లెక్క కావాలి. 1977లో బాష్‌లో చేరిన డచ్చి ఇంజనీరు ఆంటన్ వాన్ జాంటెన్ ఆ లెక్కను తన జట్టుతో కలిసి సాధించాడు. 1992 నుంచి డైమ్లర్ బెంజ్ ఇంజనీర్లూ ఆ పనిలో కలిశారు. ఉత్తర స్వీడన్‌లో గడ్డకట్టిన సరస్సుల మీద పరీక్షలు జరిగాయి. 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కూపేలో యంత్రం రోడ్డెక్కింది. 2016లో వాన్ జాంటెన్‌కు యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు జీవిత సాఫల్య విభాగంలో దక్కింది.

స్టీరింగ్ ఎంత కోణం తిరిగింది, బండి వేగం ఎంత అన్న రెండింటి నుంచి డ్రైవరు మనసులో ఉన్న దారిని ఈ యంత్రం అంచనా కడుతుంది. అసలు తిరుగుడు ఎంతో యా సెన్సర్ చెబుతుంది. బాష్ లెక్క ప్రకారం సెకనుకు 25 సార్లు ఈ రెంటినీ పోలుస్తుంది. కుడి మలుపులో వెనక ఎడమకు విసురుకుపోతోందని తేలితే, ముందు ఎడమ చక్రానికి ఒక్కదానికే బ్రేకు వేస్తుంది. ఎడమ అంచున వెనక్కి లాగే ఆ బలం బండిని ఎడమకు తిప్పజూస్తుంది, అదుపు తప్పిన కుడి తిరుగుడు అంతమేరకు రద్దవుతుంది. ఇక్కడే మనిషి ఓడిపోతాడు. ఎంత నేర్పరి అయినా అతనికి నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు పెడల్. యంత్రం మాత్రం తనకు కావలసిన చక్రాన్నే ఎంచుకుంటుంది.

సెన్సర్ సంగతి ఇంకా అందంగా ఉంటుంది. తిరుగుతున్న రంగులరాట్నం మీద మధ్య నుంచి అంచుకు నడవబోతే మనిషి పక్కకు తూలుతాడు. ఈ పక్క బలానికి లెక్క కట్టింది 1835లో ఫ్రెంచి గణితవేత్త కోరియోలిస్. అదే సూత్రంతో ఎడతెగక కంపించే ఒక వస్తువును కారులో ఉంచితే, కారు తిరిగినప్పుడల్లా ఆ కంపనం పక్కకు ఒరుగుతుంది. ఒరుగు ఎంతో కొలిస్తే తిరుగుడు ఎంతో తెలుస్తుంది. తొలి రోజుల్లో కంపించింది లోహపు సిలిండరు. 1998లో బాష్ ఆ పనిని సిలికాన్ చిప్పులోకి దించింది. విమానాలకు తగిన ఖరీదుండే కొలత పరికరం మామూలు కారు ధరకు అందింది అక్కడి నుంచే.

ధర ఒక్కటే చాలదు, గిరాకీ కూడా పుట్టాలి. అది ఒక అవమానం వల్ల పుట్టింది. 1997 అక్టోబరు 21న స్వీడన్‌లో టెక్నికెన్స్ వార్ల్డ్ పత్రిక విలేఖరి రాబర్ట్ కొలిన్ మెర్సిడెస్ కొత్త చిన్న కారు ఏ క్లాస్‌ను పరీక్షిస్తున్నాడు. ఇది కూడా ముందు చక్రాల బండే. రోడ్డుకు అడ్డం వచ్చిన దుప్పిని తప్పించినట్టు ఒక్కసారిగా పక్క వరుసలోకి తిప్పి, మళ్లీ వెనక్కి తేవడం ఆ పరీక్ష. బండి బోల్తా కొట్టింది. కంపెనీ అమ్మకాలు ఆపి, అమ్మిన బళ్లను వెనక్కి పిలిచి, ప్రతి ఏ క్లాస్‌లోనూ ఈఎస్‌పీ పెట్టింది. ఖరీదైన కూపేల్లో ఉన్న రక్షణ ఆ దెబ్బతో చిన్న కారుకు దిగింది. ఆ వెనకే జర్మన్ హైవేల మీద ఆడీ టీటీ కార్లు అతివేగంలో వరస మారుతుండగా వెనక విసురుకుపోయి ప్రాణాలు తీశాయి. ఆడీ కూడా సస్పెన్షన్ మార్చి, వెనక గాలి పట్టే స్పాయిలరునూ ఈఎస్‌పీనీ జోడించింది.

దుప్పి అనగానే అది మనకు దూరం అనిపించవచ్చు. సౌదీలో దాని స్థానంలో ఒంటె ఉంది. రెండింటి ప్రమాదమూ ఒకటే. కాళ్లు పొడుగు, బరువంతా పైన. బంపరు కాళ్లను తన్నగానే నాలుగైదు వందల కిలోల శరీరం ముందు అద్దం మీదకు వచ్చి పడుతుంది. ఎడారి హైవేల పొడవునా కంచెలు వేసినా రాత్రి పూట ఒంటెలు రోడ్డెక్కుతూనే ఉంటాయి. గంటకు 120 కిలోమీటర్ల మీద డ్రైవరు స్టీరింగ్ విసిరి, వెంటనే వెనక్కి తిప్పుతాడు. స్వీడన్ విలేఖరి చేసిందీ అదే.

లెక్కలు ఈ యంత్రం పక్షానే ఉన్నాయి. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2006లో చెప్పిన దాని ప్రకారం, ఒకే బండి పాల్గొన్న ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దీనివల్ల 56 శాతం తగ్గింది. 2007లో అక్కడ చట్టం వచ్చింది, 2011 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ వర్తించింది. ఆ చట్టం పెట్టిన పరీక్షలో గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక యంత్రమే స్టీరింగ్ అటూ ఇటూ విసురుతుంది. విసురు ముగిసిన సెకను తర్వాత తిరుగుడు గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకు 20 శాతానికి దిగాలి. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. మన దగ్గర 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండి తీరాలి.

సౌదీలో 2016లో రోడ్డు ప్రమాదాలు తొమ్మిది వేల మంది వరకు ప్రాణాలు తీశాయి. తర్వాతి ఐదారేళ్లలో ఆ సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఆ మేలంతా ఈ యంత్రానిదే అనడం సరికాదు. అతివేగాన్ని పట్టే, 2010లో మొదలైన సాహిర్ కెమెరాలున్నాయి, పెరిగిన జరిమానాలున్నాయి. తఫ్‌హీత్ చేస్తే మొదటిసారి 20,000 రియాళ్లు, రెండోసారి 40,000, మూడోసారి 60,000 అని 2016లో కట్టుదిట్టం చేశారు. ఆ కుర్రాళ్లకు స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసే మీట ఉందని తెలుసు, కాబట్టి వాళ్ల మీద పనిచేసింది జరిమానాయే అని నా నమ్మకం.

ఈ యంత్రానికి ఒక హద్దుంది. అది బ్రేకులు వేయగలదు, ఇంజను బిగువు తగ్గించగలదు, కానీ లేని పట్టు పుట్టించలేదు. బ్రేకు ఏదైనా చివరికి టైరు రోడ్డును తాకిన ఆ కాస్త మేరలోనే పనిచేయాలి. తారు మీద పలచగా పరచుకున్న ఇసుక, నెలల తరబడి పేరుకున్న నూనె మీద పడిన తొలివాన, ఎండకు గట్టిపడిన రబ్బరు ఎదురైతే దాని శక్తి అంతంతే.

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి సౌదీ ఇళ్లలో హౌస్ డ్రైవర్లుగా పనిచేసే మనవాళ్లకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ముందు చక్రాల కారులో లాగేదీ, తిప్పేదీ, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ ముందు టైర్లే. అవే ముందు అరుగుతాయి. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, రెండు కొత్త టైర్లకు డబ్బిస్తాడు, టైర్లు బాగుచేసే బన్షర్ దుకాణంలో వాటిని అరిగినవాటి స్థానంలోనే బిగిస్తారు. దాంతో వెనక పాతవి మిగులుతాయి. వాన రోడ్డు మీద ముందు పట్టు గట్టిది, వెనక పట్టు బలహీనం. ఓవర్‌స్టీర్‌కు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. సరైన పద్ధతి ఇంకోలా ఉంటుంది. వెనకవాటిని ముందుకు మార్చి, కొత్తవి వెనక వేయించాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గాళ్లు బాగానే కనిపిస్తున్నా అంత ఎండలో ఏళ్లు గడిచిన రబ్బరును నమ్మకూడదు.

డాష్‌బోర్డు మీద కారు బొమ్మ, దాని కింద వంకర గీతలున్న దీపం ఉంటుంది. మెరుస్తూ ఆరితే యంత్రం పనిచేస్తోందని, అంటే అప్పుడే పట్టు తప్పిందని, వేగం తగ్గించమని. ఆగకుండా వెలుగుతుంటే అది చెడిపోయిందో, ఎవరో ఆపేశారో అని. ఇసుకలో దిగబడినప్పుడు చక్రాలు గిర్రున తిరగాలి కాబట్టి ఆ మీట నొక్కి ఆపవలసి వస్తుంది. తారు రోడ్డెక్కగానే తిరిగి నొక్కాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించాక తిన్నని దారిలో స్టీరింగ్ ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే, అప్పుడే మెకానిక్‌కు చెప్పి సరిచేయించుకోవాలి, ఎందుకంటే డ్రైవరు ఎటు వెళ్లాలనుకుంటున్నాడో ఆ యంత్రం చదివేది స్టీరింగ్ కోణం నుంచే.