గడువు దాటిన పన్ను లెక్క – విదేశార్జనకు మినహాయింపు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆదాయపు పన్ను శాసనము తన పౌరులను, గ్రీను కార్డు గలవారిని, వారెచ్చట నివసించుచున్నను విడిచిపెట్టదు. హైదరాబాదులో నున్నను, దుబాయిలో నున్నను, ప్రపంచములో నెక్కడ ఆర్జించిన ఆదాయమునకైనను వారు ఏటేట లెక్క చూపవలసియుండును. మన తెలుగు కుటుంబములలో ఇట్టివారు నేడు పలువురు గలరు. “విదేశములో సంపాదించిన జీతమునకు మినహాయింపు గలదు గదా, ఇక రిటర్ను దాఖలు చేయనేల?” అని కొందరు ఏండ్ల తరబడి ఊరకుందురు. ఈ తలంపులోని చిక్కును విశదపరచుటయే మా ఉద్దేశము.

ఈ మినహాయింపు 1926 నుండియు ఏదో యొక రూపమున ఉన్నదే. నేటి శాసనమున ఇది 911వ సెక్షను. స్వయముగా పనిచేసి సంపాదించిన జీతము, వృత్తిపై వచ్చిన రుసుము మాత్రమే దీని క్రిందికి వచ్చును; వడ్డీ, డివిడెండు, అద్దె, పింఛను రావు. గరిష్ఠ పరిమితి 2023వ సంవత్సరపు ఆదాయమునకు 1,20,000 డాలర్లు, 2024కు 1,26,500, 2025కు 1,30,000. కోరువాని ఉద్యోగ స్థానము విదేశమున నుండవలెను. అంతేగాక, వరుసగా పండ్రెండు నెలలలో 330 పూర్తి దినములు విదేశములలో గడపియైనను, పూర్తిగా ఒక పన్ను సంవత్సరము విదేశ నివాసిగా నుండియైనను ఉండవలెను. ఇన్ని అర్హతలున్నను మినహాయింపు దానంతటదియే రాదు. 2555 నంబరు పత్రమును రిటర్నుతో జతపరచి కోరుకొనవలెను.

మరి గడువు దాటినచో హక్కు పోవునా? వెంటనే పోదు. తొలి గడువు తేదీ నుండి ఒక సంవత్సరము లోపల రిటర్ను దాఖలు చేసినచో మినహాయింపు కోరుటకు అడ్డు లేదు. 2023వ సంవత్సరపు రిటర్నుకు గడువు 2024 ఏప్రిల్ 15. కావున ఈ అవకాశము 2025 ఏప్రిల్ 15 వరకు ఉండెను. ఆ పిమ్మట మార్గము రెండుగా చీలును. మినహాయింపు పోగా పన్నేమియు మిగులనిచో, పన్నుల శాఖవారు లోపమును కనుగొనుటకు ముందైనను, తరువాతనైనను కోరవచ్చును. పన్ను మిగిలినచో, వారు కనుగొనుటకు ముందే కోరవలెను. ఏడాది దాటిన పిమ్మట పంపు 1040 నంబరు పత్రము శిరోభాగమున, ఏ నిబంధన ననుసరించి దాఖలు చేయుచున్నారో తెలుపు వాక్యమును వ్రాయవలెను. ఆ వాక్యము 2555 పత్రపు సూచనలలో ముద్రితమై యున్నది.

ఒక ఉదాహరణము చూతము. అమెరికా పౌరుడైన తెలుగు ఇంజనీరు ఒకడు 2023లో దుబాయిలో 1,10,000 డాలర్ల జీతము పొందెననుకొందము. వేరు ఆదాయము లేనిచో అతనికి పన్ను మిగులదు. ఆలస్యమైనను హక్కు నిలుచును. దానికి తోడు 40,000 డాలర్ల వడ్డీ కూడ వచ్చినచో పన్ను మిగులును. అప్పుడు శాఖవారు ముందుగా కనుగొన్నచో మినహాయింపు చేజారి, జీతమంతయు పన్నుకు లోబడును. భారతదేశములో పనిచేయువానికి ఇక్కడ చెల్లించిన పన్ను అమెరికా పన్నులో తగ్గింపుగా ఆదుకొనును. జీతముపై పన్నే లేని దుబాయిలో ఆ ఆధారము కూడ లేదు.

మినహాయింపు దక్కినను, మిగిలిన పన్నుపై వడ్డీయు, ఆలస్యపు జరిమానాయు తప్పవు. కావున శాఖవారి ఉత్తరము కొరకు ఎదురుచూడక, పాత సంవత్సరముల లెక్కలను నిపుణునికి చూపి ముందుగానే దాఖలు చేయుట క్షేమము.