మొసలితల్లి



గజేంద్రుని కథ వినని వారు మీలో నుండరు. దప్పిగొన్న ఏనుగు మడుగున దిగుట, మొసలి దాని కాలు పట్టుట, ఆ పెనుగులాట ఎంతకును తెగకపోవుట, తుదకు శ్రీహరి పరుగున వచ్చుట - ఈ కథ వినునప్పుడు మన మనస్సంతయు ఏనుగు పక్షముననే యుండును. మొసలి పక్షమున ఒక్క మాట పలుకువారు లేరు. నేడు నేను ఆ మొసలిని గూర్చి నాలుగు మాటలు చెప్పవచ్చితిని. ఇందువలన ఏనుగునకు వచ్చు కొరత యేమియు లేదు.

చిన్ననాడు నేనును మొసలి యన్న గడగడ వణకినవాడనే. "చెరువులో దిగకురా నాయనా, మొసలి పట్టుకుంటుంది" అని మా నాయనమ్మ దినమును హెచ్చరించుచుండెడిది. మా చెరువులో మొసలి యున్నదో లేదో ఆమెయు ఎరుగదు, నేనును ఎరుగను. కాని నా మనస్సులో మాత్రము ఒకటి తప్పక యుండెను. దానికి నోరు తప్ప వేరొక యవయవము లేదు; ఆ నోటినిండ కత్తుల వంటి పండ్లు. పెద్దవాడనైన పిదప, ఒకనాడు ఆ నోరు నేనెన్నడు ననుకొనని పని చేయగా కన్నులార చూచితిని. ఆ సంగతి మీకు చెప్పవలెననియే వచ్చితిని. అంతకు ముందు మొసలి యెట్టి ప్రాణియో కొంచెము తెలిసికొందము.

మన దేశమున మొసళ్ళు మూడు జాతులవి కలవు. మొదటిది నదులలోను, చెరువులలోను, మడుగులలోను ఉండు మంచినీటి మొసలి. దీనిని హిందీలో మగర్ అందురు. మన మకర శబ్దమే అట్లు మారినది. దీని మూతి వెడల్పుగా నుండును. రెండవది ఉప్పునీటి మొసలి. నది సముద్రమున కలియు చోట్ల, మడచెట్ల నడుమ తిరుగును. ఒడిస్సాలోని భితర్‌కనికయందును, వంగదేశపు సుందరవనములయందును, అండమాను దీవులయందును ఇది కలదు. ఈ కాలపు పాములు, తొండలు, తాబేళ్ళు మొదలగు సరీసృపములలో ఇంత పెద్దది వేరొకటి లేదు. మూడవది ఘరియాలు. దీని మూతి పొడవుగా, సన్నగా, పట్టకారు వలె నుండును. అందు నూరింటికి మించిన పండ్లు. ఇది ముఖ్యముగా చేపలను తిని జీవించును. మగదాని మూతి కొనయందు చిన్న కుండ వంటి బొడిపె యుండును. హిందీలో ఘడా యనగా కుండ. అందువలననే దీనికి ఆ పేరు వచ్చినది. చంబలు నదిలో ఇవి నేటికిని ఉన్నవి.

ఇక మొసలి యొడలిని చూడుడు. దాని కండ్లు, ముక్కు రంధ్రములు, చెవులు - ఈ మూడును తల పైభాగముననే, ఒకే మట్టమున నమరియున్నవి. కావున ఒడలంతయు నీట మునిగియుండగనే అది చూడగలదు, వినగలదు, ఊపిరి తీయగలదు. ఒడ్డున నున్నవానికి అది తేలుచున్న మొద్దు వలె కనబడును. పూర్తిగా మునిగినప్పుడు ముక్కు రంధ్రములు మూసికొనును; చెవులకు మూతలు పడును; కంటి మీదికి అద్దము వంటి పలుచని రెప్ప యొకటి ప్రక్కనుండి జరుగును. నోటి వెనుక భాగమున ఒక తలుపు వంటి పొర యున్నది. అందుచే నీటిలో నోరు తెరచినను నీరు గొంతులోనికి పోదు. రాత్రివేళ దాని కంటిమీద దీపము వేసినచో నిప్పుకణము వలె మెరయును. మొసళ్ళను లెక్కించువారు చీకటిలో పడవపై పోయి ఆ మెరుపులనే లెక్కింతురు.

మొసలి గంటలకొలది ఎండలో కదలక పడియుండును. అది సోమరితనము కాదు. మన యొడలికి వేడి లోపలి నుండియే పుట్టును. మొసలికి అది వెలుపలి నుండి రావలెను. చలిగా నున్నప్పుడు ఎండకు వచ్చును. ఎండ ముదిరినప్పుడు నీటికి పోవును. ఒడ్డున పడుకొని నోరు తెరచుకొని యున్న మొసలిని చూచి అది మనపై కోపించినదని తలపరాదు. సాధారణముగా అది తల చల్లబరచుకొనుచున్నదన్న మాట. వేడి పుట్టించుకొనుటకు తిండి వ్యయము చేయనక్కర లేదు గనుక దాని తిండియు తక్కువయే. పెద్ద మొసలి నెలల తరబడి తినకయు నుండగలదు.

దాని నోరు కరచుటకే గాని నములుటకు పనికిరాదు. చిన్న చేపయైన మ్రింగును. పెద్ద జంతువైన నోట కరచిపట్టి, తన యొడలిని గిరగిర త్రిప్పి, ముక్క త్రెంచి మ్రింగును. ఊడిన పంటికి బదులు క్రొత్తది మొలచును. నదిలో కొట్టుకొనివచ్చు కళేబరములను తిని నీటిని శుభ్రపరచునదియు నిదియే.

మొసలికి తెలివి లేదందురు. చెన్నపట్టణమునకు సమీపముననున్న మొసళ్ళ కేంద్రమున పరిశోధకులు ఒక వింత చూచిరి. కొంగలు గూళ్ళు కట్టుకొను దినములలో మొసలి తన మూతిపై పుల్లలు పెట్టుకొని నీట కదలక యుండెను. పుల్లకై వచ్చిన కొంగను అది పట్టబోయెను. ఈ సంగతి 2013లో ప్రకటింపబడినది. ఇక మొసలి కన్నీరను మాటయు మీరు వినియుందురు. మొసలి కంట నీరు వచ్చుట నిజమే. తినునప్పుడు కూడ వచ్చును. కాని అది ఏడ్పు కాదు, కపటమును కాదు. కంటిని తడిగా నుంచు నీరే అది.

ఇప్పుడు నేను చూచిన దానిని చెప్పెదను. గోదావరికి ఉపనదియైన మంజీర సంగారెడ్డి ప్రాంతమున ప్రవహించుచున్నది. కొన్నియేండ్ల క్రిందట ఎండకాలపు చివర, తెలతెలవారుచుండగా, అచ్చటి వారితో గూడి చిన్న పడవలో పోయితిని. తుంగ పెరిగిన ఒక లంక కెదురుగా, దూరముననే పడవ నిలిపిరి. ఆ గట్టున, నీటి మట్టమునకు ఎగువగా, పెద్ద మొసలి యొకటి తల వాల్చి పడియుండెను. పలుకరించబోయిన నన్ను పడవవాడు చేతితో వారించెను. "చప్పుడు చేయకుండ కూసోండయ్యా, తల్లి వింటున్నది" అనెను. "ఏమి వినుచున్నది?" అని మెల్లగా అడిగితిని. "పిల్లలు పిలుస్తున్నరు" అనెను.

నాకు పిల్లలెవ్వరును కనబడలేదు. పిమ్మట తెలిసినది, వారు మట్టి క్రింద నుండిరి! మంచినీటి మొసలి ఫాల్గుణ చైత్రముల ప్రాంతమున గట్టుపై గుంట త్రవ్వి, ఇంచుమించు ఇరువదియైదు ముప్పది గ్రుడ్లు పెట్టి, మట్టితో కప్పి, రెండు నెలలు కావలి యుండును. గ్రుడ్లను పొదుగునది తల్లి కాదు. ఎండకు కాగిన నేలయే. పుట్టునది ఆడపిల్లయో మగపిల్లయో నిర్ణయించునదియు ఆ నేల వేడిమియే. గ్రుడ్లు 31 డిగ్రీలకు మించని వేడిలో నున్నచో ఆడపిల్లలు పుట్టుననియు, 32.5 డిగ్రీలలో నున్నచో మగపిల్లలు పుట్టుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒకటిన్నర డిగ్రీలో ఎంత భేదమో చూచితిరా!

పిల్లలు ఎదిగిన పిదప గ్రుడ్డులోనుండియే కూయ మొదలుపెట్టును. ఆ కూత విని తల్లి ముందుకాళ్ళతో మట్టి త్రవ్వును. నేను చూచుచుండగనే ఆ మొసలి అట్లు త్రవ్వెను. తరువాత నోరు తెరచి గుంటలోనికి వంచెను. నా గుండె ఝల్లుమన్నది. తన పిల్లలనే తినుచున్నదని తలచితిని. కాని అది తల యెత్తినప్పుడు, ఆ కత్తుల వంటి పండ్ల సందున, జానెడుకు కొంచెము మించిన పిల్ల యొకటి తల బయటపెట్టి చూచుచుండెను. తల్లి మెల్లగా నడచి నీట దిగి, నోరు తెరచి, తలను అటునిటు నూపెను. పిల్ల ఈదుకొనుచు వెలువడెను. మరల గట్టెక్కెను; మరల తెచ్చెను. పగులని గ్రుడ్డును నాలుకకును అంగిటికిని నడుమ మెల్లగా నొక్కి, లోని పిల్లకు దెబ్బ తగులకుండ పెంకు పగులగొట్టుట కూడ మొసలితల్లులకు తెలియును.

ఏనుగు కాలు విడువని దవడలకు ఈ సుకుమార మెట్లు వచ్చినది? మొసలి దవడల మీద ఆవగింజల వంటి చిన్న చుక్కలు కలవు. అవి స్పర్శను తెలిపెడి యంగములు. మన వ్రేళ్ళ కొనల కంటెను అవి సున్నితములని 2012లో ప్రకటించిన పరిశోధనవలన తెలిసినది. కావున ఆ నోరు దానికి ఆయుధమును, చేయియు, ఉయ్యాలయు అగుచున్నది.

ఇంత కాపాడినను పిల్లలలో పెద్దవగునవి మిక్కిలి కొన్నియే. ఉడుములు, నక్కలు గ్రుడ్లను తినును. కొంగలును, పెద్ద చేపలును పిల్లలను తినును. వీని యన్నింటికంటె ఎక్కువ కీడు చేసినవాడు మనుష్యుడు. మొసలి తోలుతో సంచులును, జోళ్ళును చేయుటకై వానిని వేటాడెను. 1970 తరువాతి నాటికి మూడు జాతులును నశించు స్థితికి వచ్చెను. ఘరియాళ్ళు రెండు వందలైనను మిగులలేదని అంచనా వేసిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1975లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి సంస్థల సాయముతో మొసళ్ళ పెంపకమునకు పూనుకొనెను. నదుల గట్లనుండి గ్రుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలను పెంచి, తమ్ము తాము కాపాడుకొనగలిగిన పిదప నదులలో విడిచిరి. 1976లో చెన్నపట్టణము చేరువ నేను చెప్పిన మొసళ్ళ కేంద్రము వెలసెను. 1978లో మంజీరలో కొంత భాగము అభయారణ్యమయ్యెను. హైదరాబాదు వారు త్రాగు మంజీర నీటిలో ఈ మొసళ్ళకును పాలు కలదు. కాని భయము పూర్తిగా తీరలేదు. గట్టుల ఇసుక తవ్వి తీసికొనిపోయినచో తల్లి గ్రుడ్లు పెట్టుటకు చోటుండదు. వలలో చిక్కిన మొసలి పైకి వచ్చి ఊపిరి తీయజాలక చచ్చును.

బాలలారా! ఇదియంతయు విని మొసలిని ముద్దాడవచ్చునని తలపవలదు. అది మనుష్యుని చంపగల జంతువు. ఉప్పునీటి మొసలి మరింత ప్రమాదకరము. మొసళ్ళున్న నీట స్నానము చేయరాదు, చీకటివేళ ఆ రేవునకు పోరాదు, రాళ్ళు రువ్వరాదు, గ్రుడ్లున్న గట్టు దరికి చేరరాదు. నీరు దాని యిల్లు. ఆ యింటికి పోవువారము మనము.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉండినచో మంజీరలో చూచినది ఆమెకు చెప్పియుందును. నన్ను నీటి దరికి పోనీయక కాచినది ఆమె. తన పిల్లలను నీటి దరికి చేర్చుటకు రెండు నెలలు ఎండలో కాచినది ఆ మొసలి. ఆమె చెప్పిన భయము నిజమే. కాని అది సగము మాత్రమే. మిగిలిన సగమును నేడు మీకు చెప్పితిని. మీ చెల్లెండ్రకును, తమ్ములకును రెండు సగములను కలిపి చెప్పుడు.