కరకరలాడుట: ఒక క్రియ, రెండు కారణములు

ఇంగ్లీషులో 'క్రిస్ప్' అను మాటను విశేషణముగా విద్యార్థులు ఎరుగుదురు. క్రియగా కనబడినప్పుడు తడబడుదురు. ఆ క్రియ సకర్మకము, అకర్మకము కూడను. వంటవాడు రొట్టెముక్కను 'క్రిస్ప్' చేయును. పొయ్యిపై నున్న రొట్టెముక్క తానే 'క్రిస్ప్' అగును. వాడుకలో దీని వెనుక 'అప్' చేర్చుటయు కలదు. మూలము లాటిను 'క్రిస్పుస్'. ఉంగరములు తిరిగినది అని దాని అర్థము. పెళుసుదనము అను అర్థము 16వ శతాబ్దమున గాని రాలేదు.

అయితే వంటల పుస్తకములో 'లెట్యూసు ఆకులను చల్లని నీటిలో క్రిస్ప్ చేయుడు' అని యుండును. దీనిని 'వేయించుడు' అని అనువదించిన విద్యార్థిని తప్పు పట్టుటకు ముందు, ఉపాధ్యాయుడు కారణము చెప్పవలసి యుండును.

అప్పడమును చూడుడు. సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నూనెలో పడగానే దానిలోని కొద్దిపాటి తడి ఆవిరియై, పిండిని పొంగించి వెడలిపోవును. మిగిలినది సన్నని గోడలు గల గుల్ల. నీరు లేనందున పిండిపదార్థపు అణువులు ఒకదానిపై నొకటి జారలేవు. గాజువలె బిగిసి యుండును. కొరికినప్పుడు వంగక పలుచోట్ల పగులును. ఒక్కొక్క పగులు ఒక్కొక్క చిన్న చప్పుడు. వానకాలమున మూత పెట్టని అప్పడము గాలిలోని తేమను పీల్చును. ఆ నీరు అణువుల నడుమ చేరి వాటిని కదలనిచ్చును, అప్పడము సాగును.

కీరదోస సంగతి దీనికి సరిగా విరుద్ధము. అందు కరకరకు కారణము నీరే. ద్రవాభిసరణముచే కణములలోనికి నీరు చేరి గోడలను బిగదన్ని పట్టును. పంటి కింద అవి పటుక్కున చిట్లును. ఉప్పు చల్లిన ముక్కలు నీరు వదలి వాడిపోవుట ఎవరి వంటింటిలోనైనను చూడవచ్చును. వాడిన ఆకును చల్లని నీటిలో నుంచిన మరల బిగియును. లెట్యూసును నీటిలో 'క్రిస్ప్' చేయుట యనగా ఇదియే.

నాలుకకంటె చెవికే ఈ గుణము ఎక్కువ తెలియునేమో! ఆక్స్‌ఫర్డులో జాంపినీ, స్పెన్సు అనువారు బంగాళాదుంప చిప్సు కొరుకువారికి, ఆ చప్పుడునే చెవులకు తగిలించిన ఫోనులలో మార్చి వినిపించిరి. ధ్వనిని, ముఖ్యముగా హెచ్చు పౌనఃపున్యములను, పెంచినప్పుడు చిప్సు మరింత తాజాగా, కరకరగా ఉన్నవని వారు చెప్పిరి. 2004లో ప్రకటితమైన ఈ పరిశోధనకు 2008లో, ముందు నవ్వించి పిమ్మట ఆలోచింపజేయు పనులకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము లభించినది. ఇంగ్లండులో ఆ చిప్సుకు 'క్రిస్ప్స్' అనియే పేరు.