దిగబడ్డ చోటే దోస్తీ!

జీపు కొనడానికి లక్షలుంటే చాలు. క్లబ్బు పెట్టడానికి పదిమంది స్నేహితులుంటే చాలు. కానీ ఆ క్లబ్బును పదేళ్లు చీలిపోకుండా నడపడం ఉంది చూశారూ... జీపును కొండెక్కించడం కంటే కష్టం!

వాన వెలిసిన మర్నాడు కర్నూలు జిల్లా కోసిగి చుట్టుపక్కల పొలాల బాట పట్టి చూడండి. నల్లరేగడి నేల నున్నగా, మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులో చక్రం పెట్టారో... అంతే! మన్ను టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుంటుంది. టైరు గాళ్లన్నీ పూడిపోతాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ బండి ముందుకు పోదు, లోపలికి పోతుంది. నీళ్లు తాగితే ఉబ్బడం, ఎండితే నెర్రెలివ్వడం ఆ మన్ను గుణం మరి.

అలా ఓ ట్రాక్టరు దిగబడిందనుకోండి. దారినపోయే మనిషి సైకిలు పక్కన పెట్టి వస్తాడు. పక్క చేలో వాళ్లు పని ఆపి వస్తారు. ఒకరు రాళ్లు ఏరుకొస్తారు, ఇంకొకరు కంప నరికి చక్రం కింద వేస్తారు. అందరూ కలిసి భుజం పెడతారు. 'ఇది ఎవరి బండి?' అని ముందుగా ఎవరూ అడగరు. రేపు తమ బండీ దిగబడొచ్చు కదా!

ప్రపంచంలోని ఆఫ్‌రోడ్ క్లబ్బులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. దాన్ని మరచిపోయిన రోజున చీలికలు మొదలవుతాయి.

బాట లేని చోట బండి

రోడ్డు లేని చోట, అంటే రాళ్లలో, ఇసుకలో, వంకల్లో, బురదలో బండి నడపడమే ఆఫ్‌రోడింగ్. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే 'ఫోర్ బై ఫోర్' బండ్లు ఇందుకు కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పుట్టిన జీపే వీటన్నిటికీ తాత. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల్ని కూర్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పోలీసులకీ, అధికారులకీ, మన పల్లెలకీ జీపు ఎంత దగ్గరైందో వేరే చెప్పక్కర్లేదు. 1985లో మారుతీ జిప్సీ వచ్చింది. 2010లో మహీంద్రా థార్, 2020లో దాని కొత్త రూపం, 2023లో మారుతీ జిమ్నీ వచ్చాక కుర్రకారుకీ, కుటుంబాలకీ కూడా ఈ సరదా అంటుకుంది. మలేసియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీ 2014లో గోవా దాకా వచ్చేసింది.

ఆ పోటీలో ఓ విశేషం ఉంది. బండికి ఇద్దరు. ఒకరు స్టీరింగు పట్టుకుంటే, రెండోవారు మోకాలి లోతు బురదలో దిగి తాడు లాగి చెట్టుకు కట్టాలి. పేరు మొదటివారికి రావచ్చు గానీ, బండిని బయటికి తెచ్చేది రెండోవారే. క్లబ్బు కూడా అంతే!

చీలిక ఎక్కడ మొదలు?

క్లబ్బు పెట్టిన మొదటి ఏడాది పెళ్లి సందడే. అందరూ వస్తారు, అందరూ ఫొటోలు దిగుతారు. రెండో ఏడాదికి పనంతా నలుగురి మీదే పడుతుంది. దారి చూసొచ్చేదీ వాళ్లే, భోజనాలు చెప్పేదీ వాళ్లే, చివరికి మాటలు పడేదీ వాళ్లే! కొత్త బండి వాళ్లకు పాత జీపు వాళ్లంటే చులకన. పాతవాళ్లకు 'నిన్నగాక మొన్న వచ్చారు' అని కినుక. చందా ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో తెలియకపోతే అనుమానం. వాట్సాప్ గ్రూపులో ఓ అర్ధరాత్రి పేలిన మాట తెల్లారేసరికి రెండో గ్రూపు పుట్టిస్తుంది.

దీనికి మందు పెద్దదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అప్పుడు నియమావళి, ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలు చూపించడం... అన్నీ కాగితం మీదికి వస్తాయి. పదవి ఏటా చేతులు మారితే ఒకరి మీదే బరువు పడదు, ఒకరిదే పెత్తనమూ కాదు. ఇక ప్రయాణానికి రెండు దారులు పెట్టుకోవాలి. ఒకటి ఆరితేరినవాళ్లకి, ఇంకొకటి మొదటిసారి వచ్చినవాళ్లకీ, పిల్లాపాపలతో వచ్చినవాళ్లకీ. మధ్యాహ్నం భోజనం మాత్రం అందరికీ ఒకే చెట్టు కింద!

వెనకబండి కనిపించాలి

బండ్ల వరసకు ఓ పాత నియమం ఉంది. ముందు దారి తెలిసినవారు, చివర అందరికంటే అనుభవజ్ఞులు ఉండాలి. మధ్యలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ వెనకబండిని అద్దంలో చూసుకుంటూ ఉండాలి. దారి చీలే చోట వెనకబండి కనిపించేదాకా కదలకూడదు. ఈ ఒక్క మాట పాటిస్తే ఎవరూ తప్పిపోరు. ముందున్నవారి తొందర కంటే వెనకున్నవారి క్షేమం ముఖ్యమని ఇది ప్రతి ప్రయాణంలోనూ గుర్తుచేస్తుంది.

దిగబడ్డ బండిని లాగడంలోనూ పద్ధతి ఉంది. ముందు టైర్లలో గాలి తగ్గిస్తారు. మామూలుగా 30, 35 ఉండే గాలిని 20కి అటూఇటూగా దించితే టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే తాడు. ఆ తాడును ట్రాలీ తగిలించే ఇనపగుండుకు ఎప్పుడూ కట్టకూడదు. లాగుడికి అది ఊడిందంటే తుపాకీ గుండులా దూసుకొస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే తాడు బిగిసేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు, ఆజ్ఞలిచ్చే గొంతు ఒక్కటే ఉండాలి. పదిమంది పది మాటలు చెబితే బండి బయటికి రాదు సరికదా, ప్రమాదం వస్తుంది. కొత్తవాళ్లకి ఇవి నేర్పని క్లబ్బు ఒక్క దుర్ఘటనతో మూతపడుతుంది.

రూబికాన్ నేర్పిన పాఠం

కలిసి ఉండకపోతే పోయేది క్లబ్బు ఒక్కటే కాదు, బాట కూడా పోతుంది. అందుకు ఉదాహరణ అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో సుమారు 35 కిలోమీటర్ల రాళ్ల బాట రూబికాన్. 1953లో 55 జీపుల్లో 155 మంది అక్కడ తొలి జాతర జరిపారు. తర్వాత జనం పెరిగారు, వాళ్లతోపాటు చెత్తా పెరిగింది. 2004లో స్పైడర్ సరస్సు దగ్గర మనుషుల మలమూత్రాలు పేరుకుపోవడంతో అధికారులు ఆ ప్రాంతాన్ని మూసేశారు. 2009లో, బాట నుంచి మట్టీ మురుగూ నీళ్లలో కలుస్తున్నాయంటూ జలమండలి శుద్ధి ఉత్తర్వులు జారీచేసింది.

ఇక ఆ బాట పనైపోయిందనే అనుకుంటాం కదా! కానీ, విడివిడిగా ఉన్న క్లబ్బులు 2001లోనే 'ఫ్రెండ్స్ ఆఫ్ ది రూబికాన్' పేరుతో చేతులు కలిపాయి. సెలవు రోజుల్లో జీపుల్లో పారలూ పలుగులూ వేసుకుని వెళ్లి కోతపడ్డ చోట రాళ్లు పేర్చారు, చెత్త ఎత్తారు, మలవిసర్జనకు సంచులు పంచారు. ఆ బాట ఇప్పటికీ తెరిచే ఉంది. సరదా కోసం కలిసినవాళ్లని నిలబెట్టింది చివరికి పనే!

చేను బాట కాదు

మన దగ్గరా హెచ్చరికలు లేకపోలేదు. 2022 మేలో కేరళలోని వాగమన్ దగ్గర తేయాకు తోటలో అనుమతి లేకుండా ఆఫ్‌రోడ్ పోటీ జరిపారంటూ కేసు నమోదైంది. 2023 డిసెంబరులో హిమాచల్‌ప్రదేశ్‌లో చంద్రా నదిలో జీపు నడిపిన పర్యాటకుడికి పోలీసులు జరిమానా వేశారు. బండి స్వరూపాన్ని కంపెనీ నమూనాకు విరుద్ధంగా మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే తేల్చింది. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి తిరిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

అన్నిటికంటే పెద్ద అనుమతి రైతుది. కోసిగి పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏడు జనం మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకో, బెంగళూరుకో 'సుగ్గి'కి పోతారు. అలాంటి చోట పత్తి మొలకల మీదుగా ఒక్క బండి వెళ్లినా, అది ఓ ఇంటి తిండి మీద వెళ్లినట్టే. బీడు అనుకున్నది ఎవరిదో విత్తనం వేసిన చేను కావచ్చు. ఆటకు బాట వెతుక్కునే ముందు ఊళ్లోకి వెళ్లి, అరుగు మీద కూర్చుని, 'పెద్దాయనా, ఈ దారిన పోవచ్చా?' అని అడగాలి. వద్దంటే వెనక్కి తిరగాలి. అలా అడిగిన క్లబ్బుకు మర్నాడు మజ్జిగ దొరుకుతుంది. అడగని క్లబ్బుకు దారే దొరకదు.

వరదొచ్చిన రోజు

2009 అక్టోబరు మొదటి వారాన్ని కర్నూలు జిల్లా మరచిపోలేదు. తుంగభద్ర పొంగి అటు మంత్రాలయాన్నీ, ఇటు కర్నూలు నగరాన్నీ ముంచేసింది. కరవు సీమను నీళ్లు కాటేసిన రోజులవి! రోడ్లు తెగినప్పుడు మామూలు కార్లు ఎందుకూ పనికిరావు. 2018 ఆగస్టులో కేరళను వరద ముంచెత్తినప్పుడు ఆఫ్‌రోడ్ క్లబ్బుల జీపులు నీళ్లలో దిగి మనుషుల్ని చేరవేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ట్రాక్టర్లూ జేసీబీలూ వీధుల్లోకి అన్నం మోసుకెళ్లాయి.

ఆ రోజు ఎవరు ఎక్కడున్నారు, ఎవరి బండికి తాడుంది, ఎవరికి ఈత వచ్చు, ఎవరి మాట అందరూ వింటారు... ఇవన్నీ వరదొచ్చాక తేల్చుకునేవి కావు. ఏళ్ల తరబడి ఆదివారాలు కలిసి తిరిగినవాళ్లకే అవి తెలుస్తాయి. క్లబ్బును బతికించుకోవడం ఎందుకూ అంటే, ఇందుకు!

ఈసారి మీ దారిలో నల్లరేగట్లో ఏదైనా బండి దిగబడి కనిపిస్తే ఆగండి. అది ట్రాక్టరైనా సరే, థారైనా సరే. ముందు భుజం పెట్టండి. బండి గట్టెక్కాక, చేతుల మట్టి కడుక్కుంటూ పేరూ ఊరూ అడగొచ్చు. మంచి క్లబ్బులన్నీ మొదలయ్యేది అక్కడే!